ముందు: ఏమీ లేదు

జూన్ 3, మంగళవారం

పిల్లంటే నాకు ప్రాణమట.

ఇవాళ అమ్మ ఎదురింటి టైలరమ్మతో అంటుంటే విన్నాను. "మా చిన్నదానికి అక్క కూతురంటే ప్రాణమండీ. దానికోసం ఉద్యోగం కూడా చూసుకోవడం లేదు." నేను మెట్ల మీద ఉన్నాను, చేతిలో తడిబట్టల బకెట్టుతో. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పాసై పదకొండు నెలలు. ఇరవై ఆరు దరఖాస్తులు పెట్టాను. ఇరవై ఆరూ ఈ బల్ల మీదే, అమ్మ టీ తెచ్చి పక్కన పెడుతుండగానే రాశాను. అయినా నేను ఉద్యోగం చూసుకోవడం లేదు. త్యాగం చేస్తున్నాను. కూతురికి ఉద్యోగం రాలేదని చెప్పుకోవడం కన్నా ఇది వినడానికి బాగుంటుంది.

పదేళ్ళప్పుడు మొండిఘటాన్ని. కాలేజీలో పొగరుబోతుని. ఇప్పుడు ఓపికల పుట్టని. ఈ ఇంట్లో ఎవరూ నన్ను ఒక్కసారి కూడా సరిగ్గా చదవలేదు. నేను ఇంట్లో ఉన్నాను కాబట్టి పిల్లని నా చేతికిచ్చారు. తలుపు పక్కన ఉన్న గొడుగునే అందరూ తీసుకెళ్తారు, దానికి వానంటే ప్రాణమని కాదు.

గడియారం ఇవాళ రెండుసార్లు మణికట్టు కొరుక్కుంది. ఒకసారి నా మోచేయి.

పిల్లకి ఆ పేరు నాన్న పెట్టాడు. సాయంత్రం సరిగ్గా నాలుగింటికి మెట్లు దిగి, కింద ఆయన కళ్ళజోళ్ళ షాపు షట్టరు పక్కన నిలబడుతుంది. నాన్న పరీక్ష అద్దాల పెట్టె తెరిచి ముందు పెడతాడు. గుండ్రటి అద్దాలు, ఒక్కో గుంటలో ఒక్కోటి. అన్నీ తీసి, అన్నీ మళ్ళీ ఎక్కడివక్కడ పెడుతుంది. తొమ్మిదేళ్ళొచ్చినా నోట్లో పదిహేను మాటలు లేవు గానీ, ఒక్క అద్దం గుంట తప్పదు.

జూన్ 5, గురువారం

థెరపిస్టు వచ్చింది. నాన్న ఆవిడకీ పేరు పెట్టాడు, నోటుబుక్కు టీచరు. ఒక నోటుబుక్కు ఇచ్చింది. పేజీకి మూడు గడులు. ముందు. ఏం చేసింది. తర్వాత.

"రెండో గడి అందరూ బాగా రాస్తారండీ. కొరికింది, తన్నింది, విసిరింది అని. నాకు మొదటిది కావాలి. దానికి ముందు ఏం జరిగిందో అది. పాప మాటలతో చెప్పలేక పళ్ళతో చెబుతోంది. ఏం చెబుతోందో ఆ గడిలోనే దొరుకుతుంది."

"ముందేముంటుందమ్మా?" అంది అమ్మ. "ఏమీ ఉండదు. బంగారంలా ఉంటుంది, ఉన్నట్టుండి మొదలు."

"ఉన్నట్టుండి ఏదీ మొదలవదండీ. నేను ఇన్నేళ్ళలో చూడలేదు."

"మా ఇంటికి ఇప్పుడేగా వచ్చారు," అన్నాడు నాన్న.

నోటుబుక్కు ఎవరు రాయాలి అన్న ప్రశ్న రాగానే ముగ్గురూ నా వైపు తిరిగారు. "లెక్కలదానివి నువ్వే కదే," అంది అక్క, అప్పుడే వచ్చి బూట్లు విప్పుకుంటూ. అక్క రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున ఆరింటికి పోతే మూడింటికి వస్తుంది. బావ ఓడ మీద ఉంటాడు, ఏడాదిలో రెండుసార్లు వచ్చి పిల్లని చూసి కళ్ళు తుడుచుకుని వెళ్తాడు. కళ్ళు తుడుచుకోవడం నాకూ వచ్చు. అయినా నన్ను ఓడ ఎక్కనివ్వరు.

జూన్ 9, సోమవారం

ముందు: ఏమీ లేదు. వరసగా ఏడోసారి. అమ్మ వంటగదిలోంచే చెబుతుంది, "రాసుకో, ఏమీ లేదు." పాలవాడి లెక్కలా.

జూన్ 12, గురువారం

దొరికింది.

నిన్న పద్నాలుగు నమోదులూ ఒక కాగితం మీద పరిచాను. గంట, గది, పక్కన ఎవరు, చేతిలో ఏముంది. తల దువ్వేటప్పుడు నాలుగు. గోళ్ళు తీసేటప్పుడు మూడు. ఇక్కడిదాకా ఎవరైనా చెబుతారు. కానీ మిగతా ఏడూ? ఒకటి టీవీ ముందు. ఒకటి అమ్మ అక్క వీపు నిమురుతున్నప్పుడు. ఒకటి ఫోనులో అక్క ఎవరితోనో మాట్లాడుతుంటే.

ఇవాళ పొద్దున అమ్మ దువ్వెన తీసింది. నేను పిల్లని కాకుండా అమ్మ నోటిని చూశాను.

"అయిపోయింది, అయిపోయింది, అయిపోయిందమ్మా..."

దువ్వెన ఇంకా నెత్తిన ఆనలేదు, పిల్ల మణికట్టు అప్పటికే నోట్లో ఉంది.

అది అక్క మాట. ల్యాబులో రోజుకి అరవై మంది చేతుల్లో సూది గుచ్చుతూ అనే మాట. సూది లోపలికి దిగుతుండగా, "అయిపోయింది, అయిపోయింది." పెద్దవాళ్ళకి అది అబద్ధమని తెలుసు, ఓదార్పని కూడా తెలుసు. ఆ మాట అక్కతోపాటు ఇంటికొచ్చింది. గోళ్ళకి, చెవి చుక్కలకి, తలంటుకి, టీకాకి, అన్నిటికీ అదే. తొమ్మిదేళ్ళుగా ఆ మాట విన్న ప్రతిసారీ నొప్పి అప్పుడే మొదలైంది. మరి దాని దృష్టిలో ఆ మాటకి అర్థం ఏమిటి? అది మనకన్నా బాగా లెక్క కట్టింది.

"పాలు అయిపోయాయి" అంటే పట్టించుకోదు. గట్టిగా "అయిపోయింది!" అన్నా పట్టించుకోదు. మెత్తగా, రెండుసార్లు, లాలిస్తున్నట్టు అంటేనే.

మధ్యాహ్నం సరిచూశాను. గదిలో మేమిద్దరమే. నా చేతులు ఖాళీ. అది గుండీలు వరస పెడుతోంది. నేను గోడ వైపు చూస్తూ, మెత్తగా, రెండుసార్లు అన్నాను.

గుండీ చేతిలోంచి జారింది. మణికట్టు నోట్లోకి వెళ్ళింది.

ఒక్కసారి చాలదు కాబట్టి పావుగంట ఆగి మళ్ళీ అన్నాను. ఒక్కసారి చూసినదాన్ని ఫలితమనరు.

సాయంత్రం చెప్తాను.

జూన్ 13, శుక్రవారం

చెప్పబోయాను. భోజనాల దగ్గర, "అక్కా, దానికి ఎందుకు అలా అవుతుందో నాకు..." అన్నాను. అక్క చెయ్యి అడ్డంగా ఊపింది.

"కని, పెంచి, తొమ్మిదేళ్ళు మోశాక నువ్వు నాకు చెప్పు. నువ్వు చదివింది లెక్కలే, డాక్టరీ కాదు."

అమ్మ నవ్వింది. నాన్న కూడా.

సరే. నా దగ్గరే ఉంటుంది.

జూన్ 17, మంగళవారం

నాలుగు రోజులు. సున్నా.

అమ్మని దువ్వెన ముట్టనివ్వలేదు, అక్క ఫోను తీస్తే పిల్లని పక్కగదిలోకి తీసుకెళ్ళాను. నోరు మూసుకుని పది వేళ్ళు చూపిస్తాను. ఒక్కో దువ్వుకి ఒక వేలు మడుస్తాను. వేళ్ళన్నీ మడిస్తే నిజంగా ఆపేస్తాను, చిక్కు మిగిలినా సరే. రెండో రోజుకే అది నా వేళ్ళు తనే మడవడం మొదలుపెట్టింది. ఇవాళ గోళ్ళు. చిటికెన వేలు దగ్గర కాస్త వణికింది, అంతే.

అక్క గుమ్మంలో నిలబడి ఏడ్చింది. "ఏం మంత్రం వేశావే?"

చెప్పలేదు. అడిగిన తీరు బాగుంది. ఇంకో నాలుగు రోజులు అడగనీ అనుకున్నాను.

జూన్ 20, శుక్రవారం

ఉద్యోగం వచ్చింది. బీమా కంపెనీ, లెక్కల విభాగం, రాత్రంతా బస్సు ప్రయాణమంత దూరం. జూలై 14, సోమవారం చేరాలి. ఉత్తరం మూడుసార్లు చదివాను. నా ఇంటిపేరు తప్పు రాశారు. అది కూడా బాగుంది.

నాన్న కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చదివాడు. "మంచిదే. ఇలాంటివి నీకు వందొస్తాయి."

"ఇది వచ్చింది కదా నాన్నా."

"ఇప్పుడెలా వెళ్తావే?" అంది అమ్మ, నిజంగా ఆశ్చర్యపడుతూ. ఇల్లే లేచి నడిచి పోతానన్నట్టు. "నువ్వు లేకపోతే అది ఎవరి మాటా వినదు. ఇప్పుడిప్పుడే దారికొచ్చింది."

అక్క అరవలేదు. అదే అన్యాయం. నా చెయ్యి పట్టుకుంది. "నీకు చెయ్యి తిరిగింది. నాకు తిరగలేదు. వెళ్ళు, నేను మానేస్తాలే ఉద్యోగం." ఇలా అన్నాక ఎవరు వెళ్తారు?

పిల్లని బాగుచేసి నాకు నేనే తాళం వేసుకున్నాను.

జూన్ 22, ఆదివారం

అందరూ ఉన్నారు. గడియారం నా పక్కన కూర్చుని నా వేళ్ళతో ఆడుతోంది. "చూశారా, దీని పక్కనుంటే ఎంత బుద్ధిగా ఉందో," అంది అమ్మ టైలరమ్మతో. "ప్రాణం పెట్టేసిందండీ."

టీ గ్లాసు పెదవులకి ఆనించుకుని, ఆవిరి ఊదుతున్నట్టు, రెండుసార్లు అన్నాను.

టైలరమ్మ చీర మీద టీ పడింది. గడియారం తల గోడకి కొట్టుకుంది, మూడుసార్లు. నాన్న పట్టుకునేసరికి నాలుగు.

నోటుబుక్కు తెచ్చి రాశాను. ముందు: ఏమీ లేదు.

నేను ఉన్నా అంతేనని వాళ్ళకి తెలియాలి. అంతకుమించి ఇందులో ఏమీ లేదు.

జూన్ 23

రెండు.

జూన్ 24

ఒకటి. స్నానాల గది తలుపు దగ్గర. అక్క విన్నదేమో అనుకున్నాను. వినలేదు. విన్నా ఏమని వింటుంది, పిన్ని పిల్లని లాలిస్తోందని.

జూన్ 26, గురువారం

నోటుబుక్కు టీచరు పేజీలు చాలాసేపు తిప్పింది. అమ్మ టీకి లేచాక గొంతు తగ్గించి అడిగింది.

"మొదటి వారం రోజుకి రెండు. మధ్యలో వారానికి పైగా సున్నా. ఇప్పుడు మళ్ళీ రెండు. మీరు స్టాటిస్టిక్స్ కదా, ఇది మీకు వింతగా లేదూ?"

"పిల్లలు కదండీ."

"ఆ సున్నా రోజుల్లో మీరు ఏదో చేశారు. అదేమిటో రాయలేదు."

"ఏమీ చేయలేదండీ."

ఆవిడ నన్ను చూసింది. కళ్ళు దించలేదు. నేనూ దించలేదు. ఈవిడ ఇంకో రెండు వారాలు వస్తే పట్టుకుంటుంది.

అక్కతో అన్నాను, "ఈవిడ వచ్చి మూడు వారాలయింది. ఏం తగ్గింది చెప్పు?" అక్కకి అది తన ఆలోచనే అనిపించేదాకా, గిన్నెలు కడిగేంతసేపు మాట్లాడాను. ఫోను చేసి వద్దని చెప్పేసింది. టీచరు నోటుబుక్కు మాత్రం ఉంచుకోమందట.

జూన్ 28, శనివారం

ఇవాళ్టిది నాది కాదు. రాసి పెట్టుకుంటున్నాను, నాది కాదు.

నాలుగింటికి షాపులో అద్దాలు సర్దుతోంది. మెడ వెనక చెమట తుడవబోయి అమ్మే అంది, అలవాటుగా, మెత్తగా. అద్దాల పెట్టె మూత అమ్మ కనుబొమ్మకి తగిలింది. మూడు కుట్లు. నాన్న నేల మీద మోకాళ్ళూని అద్దాలు ఏరాడు. పదకొండు పగిలాయి. లేచి, "ఇక నా వల్ల కాదు," అన్నాడు. ఆ పెట్టె ఆయన షాపు తెరిచిన రోజు కొన్నది.

ఊరి చివర ఇలాంటి పిల్లల కోసం వసతి బడి ఉందట. ఆ మాట మొదట అన్నది అక్క. నేను కాదు. నేను "అక్కడ శిక్షణ ఉన్నవాళ్ళుంటారు కదా" అని మాత్రం అన్నాను. నిజమే కదా. ఉంటారు.

జూలై 2, బుధవారం

డాక్టరు సిరప్పు రాసిచ్చాడు. రోజుకి రెండు మూతలు.

నాలుగయింది. నాన్న షట్టరు వైపు చూశాడు. గోడ గడియారం చూశాడు. మళ్ళీ షట్టరు వైపు. నాలుగుంపావుకి ఒక ముసలాయన కళ్ళు చూపించుకోవడానికొచ్చాడు. "ఇది బాగుందా, అది బాగుందా" అని నాన్న ఒకే అద్దం రెండుసార్లు వేసి అడిగాడు.

పైన అది మంచం మీద నోరు తెరుచుకుని పడుకుంది. దిండు తడిసింది.

ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో. అమ్మ టీవీ చూసుకుంది. ఎవరికీ ఏమీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

జూలై 5, శనివారం

వసతి బడి చూసొచ్చాం. కడిగిన నేల, మందునీళ్ళ వాసన. ఇనప మంచాలు నేలకి బిగించి ఉన్నాయి. కిటికీలు పెద్దవాళ్ళ తలకన్నా ఎత్తులో. భోజనాల గదిలో కుర్చీలకి నడుం దగ్గర పట్టీలు. ఒక పట్టీ అంచు పళ్ళతో నమిలి నమిలి దారాలు లేచిపోయింది.

వార్డెనమ్మ నోటుబుక్కు అడిగింది. అక్క మొదటి గడి మీద వేలు పెట్టి చదివింది. "ఏమీ లేదు. ఏమీ లేదు. ఏమీ లేదు. చూడండి, అన్నీ ఇంతే. కారణమే ఉండదండీ."

"కారణం లేనివాళ్ళనే కదమ్మా మా దగ్గరికి పంపేది. కారణముంటే ఇంట్లోనే చూసుకుంటారు," అంది వార్డెనమ్మ. హేళన కాదు, రోజూ చెప్పే మాటే. "పన్నెండో తారీఖు, శనివారం పొద్దున నేనే బండిలో వచ్చి తీసుకెళ్తాను. తల్లులు తెచ్చి దించితే గేటు దగ్గర గొడవ. మొదటి మూడు నెలలు చూడ్డానికి రాకండి, అలవాటు పడాలి."

నా రాత పొందిగ్గా ఉందని కూడా మెచ్చుకుంది.

బస్సు టిక్కెట్టు తీసుకున్నాను. ఆదివారం రాత్రిది.

జూలై 8, మంగళవారం

మధ్యాహ్నం పెట్టె సర్దుకుంటున్నాను. మందు పట్టు కాస్త సడలినట్టుంది, పిల్ల గోడ పట్టుకుంటూ వచ్చింది. చేతిలో గోళ్ళ కత్తెర. గోళ్ళు తీయడానికేం లేవు, మొన్ననే తీశాను.

కత్తెర నా ఒళ్ళో పెట్టింది. నా రెండు చేతులూ పట్టుకుని వేళ్ళన్నీ ఒక్కొక్కటే విప్పింది. పదీ. నా మొహం చూడదు ఎప్పుడూ. ఇవాళ చూసింది. చూసి, "అయిపోయింది, అయిపోయింది," అంది. మెత్తగా. సరిగ్గా నా గొంతుతో. అమ్మ గొంతూ కాదు, అక్క గొంతూ కాదు. ఆ ఊదినట్టు అనడం నాది.

అది నా చిటికెన వేలు మడిచింది. ఆగింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ మడిచింది.

అది కాదు, ఇది. ఆ మాట కాదు, ఈ వేళ్ళు.

దానికి తెలుసు. టీ గ్లాసు దగ్గర నుంచీ, స్నానాల గది దగ్గర నుంచీ, ప్రతిసారీ ఎవరన్నారో, ఊరికే అన్నారో కావాలని అన్నారో తెలుసు. తెలిసీ సాయంత్రానికి నా పక్కకే వచ్చి కూర్చుంది. నా చేతిలో రెండు పద్ధతులున్నాయని, ఏది తీయాలో నేనే ఎంచుకుంటున్నానని ఈ ఇంట్లో దానికొక్కదానికే తెలుసు.

నన్ను సరిగ్గా చదివింది అదొక్కతే.

చేతులు లాక్కుని పెట్టె మూసేశాను.

జూలై 10, గురువారం

అక్కతో చెప్పాను. చెప్పాననే అనుకున్నాను.

"అక్కా, నా వల్లే అలా అయింది."

ఒళ్ళోకి లాక్కుంది. "పిచ్చిదానా, నీ వల్లేమిటే? నువ్వు చేసినంత నేను చేయలేదు. దానికి నువ్వు ప్రాణం పెట్టావు. వెళ్ళే ముందు మనసు కష్టపెట్టుకోకు." వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. "ఊరుకో. అయిపోయింది, అయిపోయింది..."

పక్కగదిలో మంచం చప్పుడైంది. మందు మత్తులోంచి కూడా.

అక్క లేవబోయింది. "చూడు, మళ్ళీ. ఏ కారణమూ లేకుండా."

జూలై 11, శుక్రవారం

పొద్దుటి నుంచి నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను. మొత్తం నలభై మూడు. ప్రతి పేజీలో "ఏమీ లేదు" కొట్టేసి పక్కన అసలు సంగతి రాశాను. అమ్మ "అయిపోయింది" అంది, చేతిలో దువ్వెన. అక్క అంది, ఫోనులో. నాన్న అన్నాడు, చెవిలో చుక్కలు వేస్తూ. పిన్ని అంది, టీ గ్లాసులోకి, కావాలని. పిన్ని అంది, కావాలని. పిన్ని అంది, కావాలని.

అమ్మవి పన్నెండు. అక్కవి తొమ్మిది. నాన్నవి మూడు. నావి పదిహేడు. రెండు తెలియవు.

జూన్ 13 నుంచి 21 వరకు ఒక్క నమోదూ లేదు. ఆ రోజులకని వదిలిన ఖాళీ పేజీ మీద పది వేళ్ళ సంగతి రాశాను, ఎలా చూపించాలో, ఎప్పుడు ఆపాలో. కింద నోటుబుక్కు టీచరు ఫోను నంబరు.

అమ్మ ఇందాక తొంగి చూసింది. "ఇంకా దాని గురించే రాస్తున్నావా? రేపటి నుంచి నీకా బెంగ లేదుగా." టీ పక్కన పెట్టి వెళ్ళింది.

చదివాక అక్క నన్ను కొడుతుంది. కొట్టనీ. అమ్మ తన పన్నెండూ నమ్మదు. నాన్న షాపులోకి దిగిపోతాడు. ఉద్యోగం మానేసి ఇక్కడే ఉండి దిద్దమని ఒకరన్నా అంటారు. ఉండను. ఉంటే మళ్ళీ త్యాగమంటారు, ఆ మాట విన్న నాడు నేను మళ్ళీ టీ గ్లాసు ఎత్తుతాను. నా సంగతి నాకు తెలుసు.

రేపు పొద్దున వార్డెనమ్మ బండి రాకముందే నోటుబుక్కు అక్క చేతిలో పెడతాను. ఆదివారం బస్సు ఎక్కుతాను.

రెండూ చేస్తాను.